ఆయన అందరికీ తప్పిపోయాడా, నీ ఒక్కదానికేనా?

ఈ వారం ఉత్తరం కోరుట్ల దగ్గర ఒక ఊరి నుంచి. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. ఆరు పేజీలు, చేత్తో రాసి ఫోటోలు తీసి పంపారు. అంతా ఇక్కడ పెట్టలేను కానీ ముఖ్యమైనవి చెప్తాను, ఎందుకంటే సమాధానం అంతా ఆ చిన్న చిన్న వాటిలోనే ఉంది.

ఆమెకు 34 ఏళ్ళు, బీడీలు చేస్తుంది. పాప ఎనిమిదో క్లాసు, బాబు ఐదో క్లాసు. భర్త 2019లో ఏజెంట్ ద్వారా షార్జా పోయాడు, షట్టరింగ్ కార్పెంటర్ పని. 2022లో రెండు నెలలు సెలవు మీద వచ్చి, మళ్ళీ పోయేముందు ఊళ్ళో ఒకాయన దగ్గర రెండున్నర లక్షలు రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి) తెచ్చి, పాత బాకీ కొంత కట్టి, కొత్త వీసాకు కొంత పెట్టి పోయాడు. తర్వాత ఏడాదికి కంపెనీ జీతం ఇవ్వట్లేదని బయటపడి ఖల్లివల్లి అయ్యాడు, అంటే వీసా లేకుండా చాటుగా పనిచేసుకునేవాడు. వారానికి ఒకసారి బోటిమ్ యాప్‌లో వీడియో కాల్, నెలకు పన్నెండు పదిహేను వేలు. అలా నడిచింది.

పోయినేడు (2024) దీపావళి దాటాక మార్పు వచ్చింది. వీడియో కాల్స్ బంద్, "కెమెరా పోయింది" అన్నాడు. వాట్సాప్‌లో మామూలు కాల్ చేసేవాడు. డబ్బు ఎనిమిది తొమ్మిది వేలకు దిగింది, అది కూడా మనీ ఎక్స్చేంజ్ నుంచి కాకుండా ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరు మీద పడేది. హుండీ మీద (బ్యాంకు దాటి చేతుల మీదుగా) పంపుతున్నా అంటే నమ్మింది. ఈ సంవత్సరం ఆషాఢంలో బోనాలప్పుడు ఆఖరి కాల్. అదే వారం నుంచి డబ్బు లేదు, ఫోన్ లేదు, మెసేజ్ పెడితే ఒకటే టిక్కు.

దసరాకు సెలవు మీద వచ్చిన పక్క ఊరి పిల్లగాడు, షార్జాలో అదే రూమ్‌లో ఉండేవాడు, ఇంటికొచ్చి అన్న ఏడీ అని అడిగాడట. ఆమె మాటల్లోనే పెడుతున్నా (ఆమ్నెస్టీ అంటే వీసా లేనివాళ్ళకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే మాఫీ, ఔట్‌పాస్ అంటే దేశం వదిలి పోవడానికి ఇచ్చే కాగితం): "అన్న పోయినేడే ఆమ్నెస్టీల ఔట్‌పాస్ మీద ఇంటికొచ్చిండు గద వదినా, నేనే ఎయిర్‌పోర్ట్ల దింపొచ్చిన అన్నడు. నేను బతుకమ్మ పేరుస్తున్న, చేతిల గునుగుపువ్వు అట్లనే ఉండిపోయింది."

అంటే దుబాయ్‌లో (మన దగ్గర గల్ఫ్‌ను అలాగే అంటారు) ఉన్నాడని ఈమె అనుకుంటున్న ఎనిమిది తొమ్మిది నెలలూ ఆయన ఇక్కడే, ఇండియాలోనే ఎక్కడో ఉన్నాడు. ఆడబిడ్డ "ఇంకోదాన్ని చూసుకున్నడు" అంటోంది. బావ (భర్త అన్న) పొలం కాగితాల మీద సంతకం పెట్టమంటున్నాడు. మిత్తికిచ్చినాయన ప్రామిసరీ నోటు తిరగరాసి ఈమె పేరు మీద సంతకం పెట్టమంటున్నాడు. పోలీస్ స్టేషన్‌కు పోతే ఇజ్జత్ పోతుందని అందరూ ఆపుతున్నారు. "అక్కా నేను ఆయన కోసం వెతకాల్నా, వదిలేయాల్నా, వెతికితే ఏ దేశంల వెతకాల్నో సుత సమజైతలేదు" అని రాసింది.

చెల్లె, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ చెల్లె అనే అంటాను. మాది కూడా మెట్‌పల్లి వైపే, మా మేనమామ ఇరవై ఏళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చాడు, కాబట్టి నువ్వు రాసినవి చాలావరకు నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, చదివినప్పుడల్లా ఒకటే ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వెతకాలా వద్దా అన్నది తర్వాత. ఆయన అందరికీ తప్పిపోయాడా, లేక నీ ఒక్కదానికే తప్పిపోయాడా? ఈ రెండూ వేరు వేరు. మొదటిదైతే ఆయన ప్రమాదంలో ఉన్నాడు, నువ్వు ఆగిన ప్రతి రోజూ నష్టమే. రెండోదైతే ఆయన దాక్కున్నాడు, అప్పుడు వెతకడం కన్నా ముందు నువ్వేం కావాలనుకుంటున్నావో తేల్చుకోవాలి. నీ ఉత్తరంలో రెండు వైపులా ఆనవాళ్ళు ఉన్నాయి, ఒకదానికొకటి పొంతన లేదు, అదే నన్ను తిప్పలు పెట్టింది.

ముందు ఆ పిల్లగాడు చెప్పింది నిజమేనా అని చూద్దాం. నాకైతే నిజమే అనిపిస్తోంది. యూఏఈలో 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఆమ్నెస్టీ పెట్టారు, వీసా లేనివాళ్ళు జరిమానా లేకుండా, మళ్ళీ రావొద్దన్న బ్యాన్ కూడా లేకుండా దేశం వదిలి పోవచ్చు. మనవాళ్ళు చాలామంది అప్పుడే వచ్చేశారు. నీ భర్త ఖల్లివల్లి, ఆయనకు అదొక్కటే దారి. దీపావళి కూడా సరిగ్గా ఆ నెలల్లోనే పడింది. ఇంకొకటి, వాట్సాప్ కాల్ అక్కడ పనిచేయదు. వీపీఎన్ పెట్టుకుని కొందరు చేస్తారు, నిజమే, కానీ ఐదేళ్ళు బోటిమ్‌లో మాట్లాడిన మనిషి ఒక్కసారిగా వాట్సాప్‌కు మారాడు అంటే ఆ అవసరం ఎందుకొచ్చింది? "నెంబర్ 971 తోనే వచ్చేది అక్కా" అని రాశావు. 971 యూఏఈ కోడే, కానీ వాట్సాప్ ఏ నెంబర్ మీద ఓపెన్ చేస్తే మనిషి ఏ దేశంలో ఉన్నా ఆ నెంబరే చూపిస్తుంది చెల్లె, సిమ్ తీసి పక్కన పెట్టినా సరే. అది చూసి దుబాయ్‌లోనే ఉన్నాడనుకోవడం నీ తప్పు కాదు, ఎవరైనా అలానే అనుకుంటారు.

ఇక ఇండియాలో ఎక్కడ? ఇది నా ఊహ మాత్రమే, ఊహ అని గుర్తుపెట్టుకుని చదువు. నీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక్క లైన్ రాసి వదిలేశావు, ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక ఎప్పుడూ టకటక సప్పుడు వచ్చేదని, పాప "డాడీ రైలు పక్కన ఉంటడా" అని అడిగిందని. రైలైతే వచ్చి పోతుంది, గంటసేపు ఆగకుండా రాదు. షట్టరింగ్ సైట్‌లో కూడా అలా ఒకే తాళంలో రాదు. అది సాంచాల (మరమగ్గాల) సప్పుడులా ఉంది. మీ అత్తమ్మ సిరిసిల్ల పిల్ల అని నువ్వే రాశావు కదా, అది సాంచాల ఊరు, ఆ సప్పుడు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మన జిల్లాల నుంచి మనుషులు సాంచాల మీదకు పోయేది ఎక్కడికి? ముంబై దగ్గర భీవండి. లేదంటే సూరత్, షోలాపూర్. భీవండి పద్మానగర్‌లో నడిస్తే తెలుగే వినిపిస్తుంది, కరీంనగర్ యాస. ఖాళీ చేతులతో దిగిన మనిషికి మర్నాడే పని దొరికే చోటు, తలదాచుకోవడానికి తెలిసినోళ్ళు ఉండే చోటు.

డబ్బు విషయం కూడా దీనికి సరిపోతుంది. ఎంటర్‌ప్రైజెస్ పేరు మీద పడటం హుండీ కూడా కావచ్చు, కాదనను. కానీ ముంబై, భీవండి వైపు వలస కార్మికులు ఉండే గల్లీల్లో మనీ ట్రాన్స్‌ఫర్ షాపులు ఉంటాయి, నగదు ఇస్తే వాళ్ళ ఖాతా నుంచి మన ఖాతాకు వేస్తారు, పేరు ఆ షాపుది పడుతుంది. దీన్ని తేల్చడం సులువు. డబ్బు పడింది నీ ఖాతాలో, కాబట్టి వివరాలు అడిగే హక్కు నీదే. బ్రాంచికి పోయి పోయిన దీపావళి నుంచి స్టేట్‌మెంట్ తీసుకో, ఆ ఎంట్రీలు ఏ బ్యాంకు నుంచి, ఏ ఊరి బ్రాంచి నుంచి వచ్చాయో చూపించమని అడుగు. ఒక కాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వు. ఎనిమిది ఎంట్రీలు ఒకే షాపు నుంచి ఉంటే, ఆయన ఆ షాపుకు నడిచి పోయేంత దూరంలో ఉన్నట్టే.

ఇంకో పాస్‌బుక్ ఉంది, ఆయనది. ఇరవై గుంటల (అర ఎకరం) పొలం ఆయన పేరున ఉంది, రైతు భరోసా ఆయన ఖాతాలో పడుతుంది అన్నావు. 2025 జూన్‌లో సీజన్‌కు ఎకరాకు ఆరు వేల చొప్పున వేశారు, అంటే మీకు మూడు వేలు పడి ఉండాలి. ఆ పాస్‌బుక్ ఇంట్లో బీరువాలో ఉందన్నావు కానీ ఎప్పుడూ ఎంట్రీ కొట్టించలేదు. కొట్టించు. ఏటీఎం నుంచి తీస్తే చాలా బ్యాంకుల్లో ఊరి పేరు కూడా ప్రింట్ అవుతుంది. నాకు కావాల్సింది ఊరు ఒక్కటే కాదు, తారీఖు. ఆషాఢంలో ఆఖరి కాల్ తర్వాత ఆ ఖాతాలోంచి ఎవరైనా డబ్బు తీశారా? తీస్తే ఆయన తిరుగుతున్నాడు, లేదా ఆయన కార్డు ఇంకెవరి చేతిలోనో ఉంది. ఆ మూడు వేలు అలాగే కదలకుండా ఉంటే మాత్రం నాకు భయమేస్తుంది. మూడు వేలు వదులుకునే పరిస్థితిలో ఉన్న మనిషి కాదు కదా ఆయన.

ఇప్పుడు పొంతన కుదరని రెండు విషయాలు.

ఒకటి. ఆడబిడ్డ మాట పట్టుకుని ఏడుస్తున్నావు కానీ, ఒక్కసారి లెక్క చూడు. ఇండియాకు వచ్చాక కూడా ఎనిమిది నెలలు నీకు తొమ్మిది వేలు పంపాడు. అందులో ఐదు వేలు రెండున్నర లక్షల మిత్తికే పోయేవి, మిగతా నాలుగు వేలు ఇంటికి. వదిలేసి పోయేవాడు మిత్తి కట్టడు చెల్లె. ఆయన అబద్ధం చెప్పాడు, అది చిన్న అబద్ధం కూడా కాదు, నీకు కోపం రావడం న్యాయం. కానీ ఆ అబద్ధం సిగ్గుతో చెప్పినట్టుంది, మోసంతో కాదు. గల్ఫ్ నుంచి వచ్చేవాడు ఎలా రావాలో మన ఊళ్ళల్లో ఒక లెక్క ఉంది కదా, తాడుతో కట్టి మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టె, లోపల దుప్పటి, టాంగ్ డబ్బా, సెంటు బాటిళ్ళు, టైగర్ బామ్. ఔట్‌పాస్ కాగితం, ఒక చేతిసంచితో దిగినవాడు మిత్తికిచ్చినాయన ఇంటి ముందు నుంచే నడిచి రావాలి. మా ఊళ్ళో ఒకాయన అలాగే వచ్చి నిజామాబాద్ బస్టాండ్ దగ్గర రెండు నెలలు హోటల్‌లో గిన్నెలు కడిగాడు, ఇంటికి రాలేక. సరే, ఇలా ఆలోచిస్తే, అన్ని నెలలు తప్పకుండా పంపిన మనిషి కాల్స్, డబ్బు రెండూ ఒకే వారంలో ఆపేశాడంటే ఏదో జరిగిందని అర్థం. ఆస్పత్రి, యాక్సిడెంట్, ఏదైనా కేసు, లేదా నేను రాయడానికి ఇష్టపడనిది. మెల్లగా తగ్గి ఆగితే వేరు. ఇది టక్కున ఆగింది.

రెండోది మీ అత్తమ్మ. దీన్ని నువ్వు గమనించకుండా రాసినట్టున్నావు. "అత్తమ్మ మాత్రం ఏడుస్తలేదు, ఎందుకో దేవుని మీద భారం ఏసింది" అని ఒక చోట. ఇంకో పేజీలో, ఖర్చుల లెక్క రాస్తూ, "అత్తమ్మ కీప్యాడ్ ఫోన్‌కు రీచార్జ్ నేనైతే చేస్తలేను, పైసలు యాడియి, అయినా నడుస్తంది" అని. ఈ రెండు లైన్లు పక్కపక్కన పెట్టి చూడు. కొడుకు నాలుగు నెలలు కనపడకపోతే దేవుడి మీద భారం వేసే తల్లులు ఉంటారేమో కానీ, రీచార్జ్ దేవుడు చేయడు. ఎవరో చేస్తున్నారు. ఆడబిడ్డ చేస్తుండొచ్చు, అది చాలా మామూలు సంగతి, నేను ఊరికే అనుమానం పుట్టిస్తున్నానని కూడా అనుకో. కానీ అడగాలి.

ఎలా అడుగుతావన్నదే ముఖ్యం. బావ, ఆడబిడ్డ ఉన్నప్పుడు వద్దు. "నీకు తెలిసి దాచిపెట్టినవ్" అని మొదలుపెట్టకు, అలా అంటే తెలిసినా నోరు తెరవదు, ఏ తల్లీ తెరవదు. మధ్యాహ్నం మీ ఇద్దరూ చాటలు ముందు పెట్టుకుని ఆకు కత్తిరించుకుంటారు కదా, అప్పుడు చెప్పు: అత్తమ్మా, ఆయన భీవండిల సాంచాల మీద ఉన్నడని నాకు తెలిసింది, కోపం లేదు, బతికున్నడా లేడా అదొక్కటి చెప్పు, రేపు స్టేషన్‌కు పోయి రాయిస్తున్న. భీవండి అన్నది ఊహే, తప్పైతే ఆమె మొహమే చెప్తుంది. నిజమైతే స్టేషన్ మాట విన్నాక ఆమె ఊరుకోదు. బెదిరించడం లాగా ఉందా? కొంచెం ఉంది. నాలుగు నెలల తర్వాత అంత మాత్రం హక్కు నీకుంది.

ఆమె నిజంగానే ఏమీ తెలియదని చెప్పి, రీచార్జ్ కూడా ఆడబిడ్డే చేయిస్తోందని తేలితే, ఇంక ఆలోచన లేదు, మర్నాడు పొద్దున స్టేషన్. ఎవరి ఇజ్జత్ గురించీ ఆగకు. అసలు నన్నడిగితే అత్తమ్మను అడగడానికి రెండు రోజులకు మించి ఆగొద్దు, ఆమె చెప్పినా చెప్పకున్నా.

స్టేషన్ సంగతి చెప్తా. మన దగ్గర మిస్సింగ్ కేసును ఎఫ్ఐఆర్‌గానే నమోదు చేస్తారు, మ్యాన్ మిస్సింగ్ అని. "దుబాయ్‌ల ఉన్నోని గురించి మేమేం జేస్తం, ఎంబసీకి రాసుకో" అంటే, ఆయన ఇండియాకు వచ్చేశాడని, ఎయిర్‌పోర్ట్‌లో దింపిన మనిషి ఉన్నాడని చెప్పు, ఆ పిల్లగాడి సెలవు అయిపోకముందే అతన్ని వెంట తీసుకుపో. "భీవండి మా లిమిట్స్ కాదు" అంటే, 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 173వ సెక్షన్ కింద నేరం సమాచారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు, కాపీ కూడా ఫ్రీగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపు, రసీదు దాచుకో. ఫిర్యాదులో మాత్రం ఒక్కటి కూడా దాచకు, ఔట్‌పాస్, వాట్సాప్, ఎంటర్‌ప్రైజెస్, సాంచాల సప్పుడు అన్నీ రాయి. పరువు కోసం "దుబాయ్ నుంచి కనిపించకుండా పోయాడు" అని రాస్తే వాళ్ళు తప్పు దేశంలో వెతుకుతారు. ఆయన ఏ రోజు ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగాడో ఇమిగ్రేషన్ దగ్గర ఉంటుంది, ఆ ఫోన్ చివరిగా ఎక్కడ ఆన్‌లో ఉందో కంపెనీల దగ్గర ఉంటుంది, ఈ రెండూ పోలీసులు అడిగితేనే ఇస్తారు. ఆస్పత్రుల్లో, గుర్తుతెలియని కేసుల్లో వెతకడం కూడా వాళ్ళే చేయగలరు. మహారాష్ట్ర పోలీసులకు ఫోటో, పుట్టుమచ్చలు, ఎడమచేతి మీద ఉన్న పచ్చబొట్టు అన్నీ పోవాలి. రాయడానికి కష్టంగానే ఉంది, కానీ ఆ పచ్చబొట్టు సంగతి మర్చిపోకుండా రాయించు.

కాల్ డేటా తీసిస్తాం, లొకేషన్ చెప్తాం అని ఐదు వేలు పది వేలు అడిగేవాళ్ళు తగులుతారు. ఇవ్వకు. సగం మంది దొంగలు, మిగతా సగం చేసేది చట్టానికి విరుద్ధం, నువ్వు కూడా ఇరుక్కుంటావు. ఫోటో ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలనుకుంటే కింద నీ నెంబర్ పెట్టకు, స్టేషన్ నెంబర్ పెట్టు. లేకపోతే "మీ ఆయన మా దగ్గర ఉన్నడు, ఆస్పత్రి బిల్లు పంపు" అని ఫోన్లు వస్తాయి, భయంలో ఉన్నవాళ్ళు పంపేస్తారు.

ఫిర్యాదు వల్ల నష్టం లేదా అంటే, ఉంది, అది కూడా తెలుసుకుని పో. ఆయన ఇండియాలోనే ఉన్నాడని ఊరంతా తెలుస్తుంది, మిత్తికిచ్చినాయనకు కూడా. నీ భర్త దాక్కున్నది అందుకే అయితే, నువ్వు పట్టిచ్చావని అనుకుంటాడు. ఇంకొకటి, ఆయన మేజర్, పోలీసులు కనిపెట్టినా చేయి పట్టి ఇంటికి తేలేరు. "నా ఇష్టంతోనే ఉన్న" అని స్టేట్‌మెంట్ ఇస్తే కేసు మూసేస్తారు, ఉన్న చోటు నీకు చెప్పొద్దు అంటే చెప్పకపోవచ్చు కూడా. అప్పుడు నీకు దక్కేది బతికున్నాడన్న మాట ఒక్కటే. నువ్వు ఉత్తరంలో ఆఖర్న రాసిన దాన్ని బట్టి చూస్తే, నీకు ముందు కావాల్సింది కూడా అదే అనుకుంటా.

పోలీసులు వద్దు, మనవాళ్ళ ద్వారా వెతుకుదాం అన్నది రెండో దారి. చెడ్డ దారేం కాదు. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి రోజూ ముంబై పోయే ట్రావెల్స్ బస్సులు ఉన్నాయి, ఆ డ్రైవర్లకు భీవండిలో మన ఊళ్ళ వాళ్ళు ఏ గల్లీలో ఉంటారో మనకన్నా బాగా తెలుసు, పచ్చళ్ళ డబ్బాలు చేరేసేది వాళ్ళే కదా. అక్కడి కులసంఘం పెద్దలకు ఫోటో చేరితే రెండు మూడు రోజుల్లో ఏదో ఒక మాట వస్తుంది. దీనిలో చిక్కేంటంటే, దాక్కున్నవాడికి కూడా ఆ మాట ముందే చేరుతుంది, సూరత్ బస్సు ఎక్కుతాడు. ప్రమాదంలో ఉన్నవాడైతే సంఘం వాళ్ళు ఆస్పత్రి రికార్డులు చూడలేరు. అందుకే నేనైతే రెండూ చేస్తా, స్టేషన్ ముందు, బస్సు డ్రైవర్ తర్వాత. నువ్వు స్వయంగా పోవాలనుకుంటే మీ తమ్ముణ్ణి తీసుకుపో, ఒక్కదానివి పోకు, పిల్లల్ని అసలు తీసుకుపోకు. తలుపు తీసేది ఎవరో తెలియదు కదా.

అవును, ఆడబిడ్డ చెప్పిందే నిజమై తలుపు ఇంకొకామె తీయొచ్చు. ఆ మాట నేను దాటేయట్లేదు. అలా అయితే అక్కడ గొడవ పెట్టుకోకు, చూసి, వెనక్కి వచ్చెయ్. నీ పెళ్ళి ఉండగా ఇంకో పెళ్ళి చెల్లదు, నేరం కూడా. నీకూ పిల్లలకూ మనోవర్తి అడిగే హక్కు ఉంటుంది, కలిసి ఉండాలా వద్దా నిర్ణయం నీ చేతిలోకి వస్తుంది. అది ఆ రోజు చూసుకుందాం, ఇవాళే ఆ ఏడుపు ఎందుకు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి. వీళ్ళంతా ఆయన్ని వెతకడం మానేసి నీ సంతకం కోసం ఎందుకు వెతుకుతున్నారు?

నోటు తిరగరాయకు. మళ్ళీ చెప్తున్నా, ఎవరు ఎంత తీయగా చెప్పినా, సర్పంచ్‌ను తెచ్చి కూర్చోబెట్టినా, తిరగరాయకు. 2022 శ్రావణంలో రాసిన నోటు అన్నావు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళు గడువు, 2025 ఆగస్టుతో అయిపోయింది. అందుకే మిత్తికిచ్చినాయనకు ఈ తొందర. పాత నోటు మీద సంతకం నీ భర్తది, నువ్వు సాక్షి సంతకం మాత్రమే పెట్టానన్నావు. సాక్షి బాకీ కట్టక్కర్లేదు. జామీనుగా పెట్టి ఉంటే వేరే సంగతి, కాబట్టి ఆ నోటు ఫోటో తీసుకో, ముందూ వెనకా రెండూ. వెనక మిత్తి కట్టినప్పుడల్లా చెల్లు వేసి (కట్టినట్టు రాసి) ఎవరి సంతకం తీసుకున్నాడో చూడు, గడువు లెక్క దాన్ని బట్టి మారొచ్చు. కొత్త నోటు నీ పేరున రాశావంటే మాత్రం ఇవాళ్టి దాకా నీ భర్త బాకీగా ఉన్నది రేపటి నుంచి నీ బాకీ అవుతుంది, బీడీల మీద నెలకు ఐదు వేల మిత్తి ఎక్కడి నుంచి తెస్తావు? మిత్తాయనతో గొడవ కూడా వద్దు, "బాకీ లేదనట్లేదు, మనిషి దొరకనీ, ఆయనే మాట్లాడతడు" అను చాలు. అదీ నోటితోనే అను, కాగితం మీద రాసివ్వకు.

పొలం కాగితం కూడా అంతే. భూభారతిలో (భూమి రికార్డుల్లో) వారసత్వం కింద పేరు మార్చాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. కనిపించకుండా పోయిన మనిషిని చనిపోయినట్టు చట్టం భావించాలంటే ఏడేళ్ళు ఆయన గురించి ఎవరికీ ఏ కబురూ తెలియకుండా ఉండాలి. నాలుగు నెలలకే మీ బావ ఏ కాగితం తెచ్చాడో నాకు అర్థం కావట్లేదు. మంచికే అయినా కావచ్చు, నేను మనిషిని చూడలేదు. "చదివించి పెడతా బావా" అని తీసుకుని ఫోటో కొట్టి, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అక్కడ చూపించు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆ నోటు ఫోటో కూడా వాళ్ళకే చూపించు, నా మాట కన్నా వాళ్ళ మాట గట్టిది.

పాప గురించి అడిగావు, ఏం చెప్పాలని. సాంచా సప్పుడు అందరికన్నా ముందు విన్నది అదే కదా. దానికి చాలావరకు తెలిసే ఉంటుంది, నువ్వు ఏడుస్తావని అడగట్లేదేమో. డాడీ దుబాయ్‌లో లేడు, ఎక్కడున్నాడో వెతుకుతున్నాం, పోలీసులకు చెప్పాం అని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గు, బాకీ, ఆడబిడ్డ మాటలు చెప్పకు. బాబుకు అక్కే చెప్పుకుంటుంది.

దొరికితే ఏమనాలి అని కూడా అడిగావు. ఫోన్‌లో దొరికితే మొదటి మాటగా "ఎందుకు అబద్ధం చెప్పినవ్" అనకు, పెట్టేస్తాడు. తిన్నావా, పాణం మంచిగున్నదా అని అడుగు, మిత్తాయన నా దగ్గర సంతకం తీసుకోలేకపోయిండు అని చెప్పు. ఆయన భయపడేది దానికే అయితే ఆ ఒక్క మాటకే సగం దిగుతాడు. అబద్ధం గురించి అడగాల్సింది చాలా ఉంది, నువ్వు మాఫీ చేయాలని కూడా నేననట్లేదు, కానీ అది ఎదురుగా కూర్చున్నప్పుడు అడగాలి, తలుపు వేసుకుని, పిల్లలు బడికి పోయాక.

అత్తమ్మ ఫోన్ రీచార్జ్ గురించి ఒక చిన్న పని, అడిగే ముందే చేయి. మీ ఊళ్ళో రీచార్జ్ చేసే దుకాణం ఒక్కటే అన్నావు కదా, ఆ నెంబర్‌కు ఈ మధ్య అక్కడ ఎవరైనా వేయించారా అని ఊరికే అడిగి చూడు. వేయించకపోతే ఆ డబ్బు వేరే ఊరి నుంచి పడుతున్నట్టే. స్టేషన్‌కు పోయినప్పుడు ఆ నెంబర్ కూడా రాయించు. పాస్‌బుక్‌లో ఏ తారీఖు వచ్చిందో నాకు మళ్ళీ రాయి, ఆరు పేజీలు అక్కర్లేదు, ఆ ఒక్క లైన్ ఫోటో కొట్టి పంపినా సరిపోతుంది.